ధనంబోడు నుంచి కోఠీ దాకా

(డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం)

జగ్గయ్యపేటలో గుట్ట మీది దిబ్బ పేరు ధనంబోడు. పేరు వింటేనే లంకెబిందెలు గుర్తొస్తాయి. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బిందెలు దొరకలేదు, బౌద్ధ స్తూపం బయటపడింది. అయితే ఆ స్తూపానికి చుట్టూ తాపడం చేసిన సున్నపురాతి ఫలకాల్లో ఒకదాని మీద నిజంగానే డబ్బు ఉంది. గొడుగు కింద చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తాడు. పైన మబ్బులు. మబ్బుల్లోంచి నలుపలకల నాణేలు వానచినుకుల్లా రాలుతున్నాయి. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ఇలా సప్తరత్నాలు ఆయన చుట్టూ కొలువుదీరాయి. ఆ ఏడింటిలో గృహపతి కూడా ఒక రత్నమే. చక్రవర్తి ఖజానా బాధ్యత ఆయనది. ఇప్పటి మాటల్లో బ్యాంకరు.

ఆ నాణేలు నలుపలకగా ఉండడం శిల్పి ఊహ కాదు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, గుర్తులు అచ్చొత్తి చలామణీ చేసిన కాలం అది. శిల్పి తన చేతిలో ఆడిన నాణేన్నే రాతి మీదికి ఎక్కించాడు. చక్రవర్తి పేరు మాంధాత. జాతక కథ ప్రకారం ఆయన చప్పట్లు చరిస్తే రత్నాల వాన కురిసేది. అయినా తనివి తీరలేదు. దేవలోకంలో సగం రాజ్యం దక్కితే మిగతా సగం కూడా కావాలనుకున్నాడు, అక్కడే పతనమయ్యాడు. తెలుగునేల మీద దొరికిన తొలినాటి ధనచిత్రాల్లో ఒకటి ఇది. ధనాన్ని ఎంత అందంగా చూపిందో, అది ఎక్కడ ఆగాలో కూడా అంత స్పష్టంగా గుర్తుచేసింది. ఈ ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది.

బ్యాంకు భవనాల గురించి చెప్పబోయే ఉపన్యాసం స్తూపంతో మొదలుకావడానికి కారణం ఉంది. పాత బ్యాంకు అనగానే కళ్లముందు మెదిలేది ఎత్తైన మెట్లు, వరుసగా నిలిచిన గుండ్రటి స్తంభాలు, వాటిపైన ముక్కోణపు నుదురు. దీన్ని దొరల కట్టడం అనేసి పక్కకు తప్పుకోవడం తేలిక. కానీ స్తంభానికీ సొమ్ముకూ ముడి ఎప్పుడు పడింది, ఎందుకు పడింది అని అడిగితే జవాబులో సగం జగ్గయ్యపేట ఉన్న ఈ మెట్ట కృష్ణా ప్రాంతంలోనే దొరుకుతుంది.

ధనంబోడు ఫలకాల అంచుల్లో గోడకు అంటినట్టు చెక్కిన సన్నని అర్ధస్తంభాలున్నాయి. వాటి తలమీద బోర్లించిన గంటలాంటి బోదిక, దానిపైన జంతువులు. ఒక ఫలకం మీద గూడులాంటి కప్పుతో ఒక పుణ్యశాల ఉంది. అది ఆనాటి కొయ్య కట్టడానికి రాతిలో తీసిన ఫొటో లాంటిది. తర్వాత ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పాచార్యుడు ఇక్కడి మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. కమ్మకరథంలోని నడతూరు పేరు ప్రాకృత శాసనంలో చెక్కించుకున్నాడు. ఒక కట్టడం పనివాడు తన ఊరి పేరుతో, కుటుంబం పేర్లతో సహా చరిత్రలో మిగలడం చాలా అరుదు.

ఆ ఆయక స్తంభాల విశేషం ఒకటుంది. అవి ఏ కప్పునూ మొయ్యవు. వాటిమీద దూలం లేదు, వాసం లేదు. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు గుర్తుగా నిలబడ్డాయి, అంతే. బరువు మొయ్యని స్తంభం నమ్మకాన్ని మోయగలదని ఈ ప్రాంతపు మేస్త్రీలకు పదిహేడు వందల ఏళ్ల కిందటే తెలుసు. బ్యాంకు ముందు స్తంభాలు చేసే పని కూడా సరిగ్గా అదే.

అసలు డబ్బు వ్యాపారానికి స్తంభాలు అవసరమా అంటే, చాలాకాలం అవసరం లేకపోయింది. షావుకారు ఇంటి అరుగే బ్యాంకు. పరుపు, బాలీసు, ముందు చిట్టా ఆవర్జాలు, పక్కన గల్లాపెట్టె, లోపలి గదిలో ఇనప్పెట్టె. అప్పిచ్చేవాడికి తీసుకునేవాడి తాత తెలుసు. తీసుకునేవాడికి షావుకారు మాట తెలుసు. ముఖపరిచయమే పూచీ అయినప్పుడు ముఖద్వారానికి అలంకారం ఎందుకు? పైగా జగ్గయ్యపేట సరిహద్దు ఊరు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర వెలయించిన ఈ పేట దాటితే నైజాం రాజ్యం. ఇటు బ్రిటిషు కల్దారు రూపాయి, అటు నిజాం హాలీ సిక్కా. సర్కారు లెక్కలో వంద కల్దార్లకు సుమారు నూట పదహారున్నర సిక్కాలు. ఏ నాణెం ఎంతకు మారుతుందో వేళ్ల మీద చెప్పగలిగినవాడే ఇక్కడ బ్యాంకరు.

ముక్కూమొహం తెలియనివాళ్ల సొమ్ము కూడా ఒకచోట చేరడం మొదలయ్యాక భవనం మాట్లాడాల్సి వచ్చింది. యూరప్, అమెరికాల్లో ఆ మాట గ్రీకు గుడి రూపంలో వచ్చింది. లండన్‌లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌ను జాన్ సోన్ 1788 నుంచి 1833 దాకా, నలభై అయిదేళ్లు కట్టుకుంటూ పోయాడు. వీధివైపు కిటికీలు లేని గోడ, గోడకు స్తంభాలు. ఫిలడెల్ఫియాలో విలియం స్ట్రిక్‌లాండ్ 1824 నాటికి పూర్తిచేసిన సెకండ్ బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఏథెన్స్‌లోని పార్థినాన్‌ను చూసి దించినదే. ముందు ఎనిమిది డోరిక్ స్తంభాలు. దాని అర్థం ఒక్కటే: రెండు వేల ఏళ్లు నిలిచిన రూపం ఇది, మీ సొమ్ము కూడా నిలుస్తుంది. ఆ బ్యాంకు ఫెడరల్ చార్టరు మాత్రం పన్నెండేళ్లకే, 1836లో ముగిసిపోయింది. భవనం ఇప్పటికీ ఉంది, చిత్రపటాల ప్రదర్శనశాలగా.

తెలుగునాట ఈ గ్రీకు భాష మాట్లాడిన మహాకట్టడం హైదరాబాద్ కోఠీ. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ ఎకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803లో మొదలుపెట్టించాడు. మద్రాస్ ఇంజనీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్ దాని వాస్తుశిల్పి. ఖర్చు నిజాంది. ఉత్తరం వైపు వెడల్పైన మెట్లు, రెండు పక్కలా సింహాలు, ఆరు కొరింథియన్ స్తంభాలు, నుదుటి మీద ఈస్టిండియా కంపెనీ ముద్ర. అది బ్యాంకు కాదు, రాయబారి నివాసం. కానీ దాని నీడలోనే హైదరాబాద్ బ్యాంకింగ్ ఎదిగింది. రెసిడెన్సీ రక్షణ ఉందన్న ధీమాతో షావుకార్లు చుట్టుపక్కల బజార్లలో స్థిరపడ్డారు. అక్కడి వీధికి ఈనాటికీ బ్యాంక్ స్ట్రీట్ అనే పేరు. కోఠీ అనే మాటకు హిందుస్తానీలో పెద్ద బంగళా అనే అర్థంతోపాటు వడ్డీ వ్యాపారుల గద్దె అనే అర్థం కూడా ఉంది.

ఆ నీడలోనే 1814 ప్రాంతంలో విలియం పామర్ అండ్ కంపెనీ వెలిసింది. నిజాం ప్రభుత్వానికి నూటికి ఏటా ఇరవై నాలుగు, ఇరవై అయిదు వడ్డీతో అప్పులిచ్చింది. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తిరగేసి గుట్టు బయటపెట్టాడు. నిజాం తలమీద ఉన్న ఆ అప్పు తీర్చడానికి దొరికిన దారి వింటే నందిగామ, జగ్గయ్యపేటల వాళ్లు ఉలిక్కిపడాలి. ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ ఏటా నిజాంకు కట్టే పేష్కష్ ఏడు లక్షల రూపాయలు. ఈ రెండు ఊళ్లూ ఉన్న కొండపల్లి సర్కారు వాటిలోదే. 1823లో ఆ ఏడు లక్షలను నూటికి ఆరు వడ్డీ లెక్కన అసలుగా మార్చి, రూ. 1,16,66,666 ఒక్కసారిగా చెల్లించి, పేష్కష్‌ను శాశ్వతంగా రద్దుచేసుకున్నారు. ఆ సొమ్ము పామర్ బాకీకి పోయింది. మరుసటి ఏడే పామర్ కంపెనీ కుప్పకూలింది.

మెట్ట కృష్ణా రైతు శిస్తు మీద నిజాంకున్న చివరి హక్కు అలా స్తంభాల భవనం పక్కనున్న ఒక వడ్డీ దుకాణం పద్దులో కరిగిపోయింది. ఈ ఒక్క లావాదేవీ తెలిస్తే కోఠీ స్తంభాలను అందం కోసం మాత్రమే చూడడం ఇక కుదరదు. చూడకుండా వదిలెయ్యడం కూడా కుదరదు.

ఎందుకంటే ఆ స్తంభాలను దొర గీసి ఉండవచ్చు, కట్టింది ఇక్కడి చేతులు. ఆ కాలంలో మద్రాసు నుంచి హైదరాబాదు దాకా లేచిన క్లాసికల్ కట్టడాల్లో స్తంభం సాధారణంగా రాయి కాదు, ఇటుక. గుండ్రంగా పేర్చిన ఇటుకకు డంగు సున్నం. గుండ్రటి గాడిలో ఎద్దులు రాతి చక్రాన్ని లాగుతుంటే సున్నం, ఇసుక మెత్తగా నలిగేవి. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు. పూత మీద పూత వేసి, ఆఖరి పూతకు గుల్ల సున్నం, కోడిగుడ్డు సొన కలిపి, నున్నటి రాయితో రోజుల తరబడి రుద్దేవారు. అది పాలరాయిలా మెరిసేది. మద్రాసు సున్నపు నునుపు చూసి యూరప్ యాత్రికులు నిజంగా పాలరాయే అనుకున్నారంటే ఆ ఘనత మేస్త్రీలదే.

కొలతల సంగతి మరీ ముచ్చటైంది. యూరప్ లెక్కలో స్తంభం అడుగు వెడల్పును ఒక కొలగా తీసుకుంటే డోరిక్ దానికి ఎనిమిది రెట్ల ఎత్తు, అయోనిక్ తొమ్మిది, కొరింథియన్ పది. పైకి పోయేకొద్దీ స్తంభం సన్నబడాలి. ఆ సన్నబడడం కూడా తిన్నటి గీతలా కాక, నడుమ కంటికి అందీ అందని ఉబ్బుతో సాగాలి. లేకపోతే దూరం నుంచి మధ్యలో నొక్కుకుపోయినట్టు కనిపిస్తుంది. ఇక్కడి స్థపతికి ఇది కొత్త పాఠం కాదు. గుడి కట్టేవాడికి అధిష్ఠానం, స్తంభం, బోదిక, ప్రస్తరం అనే వరుస తెలుసు. స్తంభాన్నే కొలగా పెట్టి మిగతా కట్టడాన్ని లెక్కించడమూ తెలుసు. మారింది ఆకు ఒక్కటే. పద్మం రేకులు చెక్కే చేతికి కొరింథియన్ బోదిక మీది ఎకాంథస్ ఆకు అప్పగించారు. మద్రాసు మేస్త్రీ చేతిలో ఆ ఆకు ఒక్కోచోట అరటాకులా విచ్చుకుంటే దాన్ని తప్పుగా లెక్కగట్టకూడదు. ఒక భాష ఇంకో గొంతులో పలికినప్పుడు వచ్చే యాస అది.

స్తంభాలు నమ్మకం పుట్టించగలవు, నిలబెట్టలేవు. మద్రాసు బీచి వీధిలో దర్జాగా నిలిచిన ఆర్బత్‌నాట్ అండ్ కంపెనీ 1906 అక్టోబరులో తలుపులు మూసేసింది. పింఛనుదార్లు, విధవరాళ్లు, చిన్న ఉద్యోగులు దాచుకున్న సొమ్ము పోయింది. ఆ దెబ్బలోంచే దేశీయుల సొంత బ్యాంకు కావాలన్న పట్టుదల గట్టిపడి, 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది.

ఆ పట్టుదల తెలుగునాట పట్టాభి రూపంలో నడిచింది. 1880లో గుండుగొలనులో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, బందరులో ప్రాక్టీసు పెట్టిన డాక్టరు ఆయన. తర్వాత ప్రాక్టీసు వదిలి జాతీయోద్యమంలోకి వెళ్లారు. ఆయన నాడి చూసింది రోగులది మాత్రమే కాదు. పంటకు పెట్టుబడి లేక, అప్పుకు వడ్డీ కట్టలేక నలిగే జిల్లాది కూడా. ఆయన చొరవతో 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరైంది, నవంబరు 28న బందరులో పని మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. తర్వాత ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు. పామర్‌ది రాజుకు అప్పిచ్చి రాజ్యం రాబడిని మింగిన బ్యాంకింగ్. పట్టాభిది ఊరి పొదుపును ఊరి పనికే తిప్పిన బ్యాంకింగ్. రెండోదానికి లండన్ ముఖద్వారం అవసరం పడలేదు.

తెలుగు చరిత్ర ఇక్కడ ఒక అందమైన మలుపు తిరిగింది. 1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయ్యాక ఆంధ్రా బ్యాంకు రిజిస్టర్డు కార్యాలయం బందరు నుంచి సుల్తాన్ బజారుకు చేరింది. అంటే కోఠీ స్తంభాల పక్కకే. అప్పటికే రెసిడెన్సీలో ఆడపిల్లల కాలేజీ నడుస్తోంది. కంపెనీ ముద్ర కింద నుంచి తెలుగు అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని లోపలికి నడుస్తుంటే, పక్కవీధిలో తెలుగువాళ్ల బ్యాంకు నోట్లు లెక్కపెట్టింది. 1980 ఏప్రిల్ 15న అది జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, పేరు పోయింది. ఆ పేరు బోర్డు దించిన రోజు కృష్ణా జిల్లాలో చాలామంది మనసు చివుక్కుమంది. ఆ బాధ సబబైనదే.

ఈలోగా నమ్మకం చోటు మార్చుకుంది. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలాక, 1962 జనవరి 1 నుంచి దేశంలో డిపాజిట్లకు బీమా వచ్చింది. మొదట ఒక్కో డిపాజిటరుకు రూ. 1,500 దాకా. 2020 ఫిబ్రవరి 4 నుంచి అది రూ. 5 లక్షలు. అంతకుముందు స్తంభం చెయ్యాల్సిన పనిని ఇప్పుడు చట్టం చేస్తోంది. అందుకే కొత్త బ్యాంకు శాఖ ఏ దుకాణ సముదాయంలోనైనా, మొదటి అంతస్తులో ఇరుకు మెట్లెక్కి అయినా నడిచిపోతుంది. ఇది నష్టమేమీ కాదు. పేదవాడి పొదుపుకు రాతి స్తంభం కంటే బీమా చట్టమే గట్టి ఆధారం.

అయితే దేశం తన కేంద్ర బ్యాంకు ముందు ఏ గుర్తు పెట్టుకోవాలని ఆలోచించినప్పుడు చూపు మళ్లీ ధనంబోడు కాలంవైపే పోయింది. ఢిల్లీ రిజర్వ్ బ్యాంకు వాకిట్లో రామ్‌కింకర్ బైజ్ చెక్కిన యక్షుడు, యక్షిణి 1967 నాటికి నిలబడ్డారు. యక్షుడి చేతిలో డబ్బు సంచి. గ్రీకు స్తంభాల బదులు కుబేరుడి పరివారం. ఏ దేశం డబ్బు భవనమైనా చివరికి తన పాత నమ్మకాల గుమ్మంలోనే నిలబడుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇక పాత కట్టడాల మాట. కలకత్తాలో 1833లో ఆగ్రా బ్యాంకు కోసం లేచిన భవనం 1868 నుంచి కరెన్సీ ఆఫీసైంది. 1990ల్లో దాన్ని పడగొట్టడం మొదలుపెట్టి నడిమి గుమ్మటాన్ని కూల్చేశాక, అభ్యంతరాలు రావడంతో పని ఆగింది. పురావస్తు శాఖ చేతికి వచ్చి, ఏళ్ల తరబడి మరమ్మతు జరిగి, 2020లో ప్రదర్శనశాలగా తెరుచుకుంది. గుమ్మటం మాత్రం తిరిగి రాలేదు. నడిమి హాలు ఇప్పుడు ఆకాశం కింద ముంగిలి. కాపాడడంలో ఆలస్యానికి అది కొలత.

జగ్గయ్యపేట, నందిగామల్లో అంత పెద్ద బ్యాంకు భవనాలు లేవు. కానీ ఆ భాష తెలిసిన ఇళ్లున్నాయి. వసారాకు గుండ్రటి సున్నపు స్తంభాలు, టేకు దూలాల మీద మద్రాసు మిద్దె, ద్వారం మీద ముక్కోణపు నుదురు, అందులో గజలక్ష్మి. మిర్చి, పత్తి వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేసుకున్నవాళ్లు పట్నంలో చూసిన రూపాన్ని ఊరి మేస్త్రీతో కట్టించుకున్నారు. అందులో అనుకరణ కొంత, ఆత్మగౌరవం కొంత. ఇలాంటివి ఎక్కువగా కూల్చివేతతో కంటే మరమ్మతుతోనే చెడుతున్నాయి. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూత వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుని ఇటుకను తినేస్తుంది. అయిదారేళ్లలో పెచ్చులు ఊడతాయి. అప్పుడు ఇల్లు పాతబడిందని తీర్పు చెప్పి పడగొడతారు. తప్పు ఇంటిది కాదు, పూతది. చుట్టూ సున్నపురాయి పుష్కలంగా ఉండి, సిమెంటు కర్మాగారాలు ఎన్నో వెలిసిన జగ్గయ్యపేట ప్రాంతంలోనే డంగు సున్నం కలిపే మేస్త్రీ కరువవడం ఈ తరం సరిచేసుకోవాల్సిన లోటు.

ప్రభుత్వం వచ్చి ప్రతి ఇంటినీ కాపాడదు, అది జరిగే పని కూడా కాదు. కొన్ని కూలతాయి. కూలే ముందు వాటి కొలతలు మిగలాలి. బర్జెస్ ధనంబోడును కొలిచి, గీసి, 1887లో అచ్చువేయించాడు కాబట్టే ఆ స్తూపం రూపం ఈనాడు తెలుస్తోంది. ఆ పని చెయ్యడానికి ఇప్పుడు దొర రానక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు, ఒక టేపు, గళ్ల కాగితం, ఫోను కెమెరా చాలు. స్తంభం అడుగు చుట్టుకొలత, పైచుట్టుకొలత, ఎత్తు, దూలాల మధ్య దూరం, కట్టించినవారి పేరు, తెలిస్తే మేస్త్రీ పేరు కూడా రాసుకోవాలి. శిల్పాచార్యుడు సిద్ధార్థుడి పేరు మిగిలినట్టు ఆ మేస్త్రీ పేరూ మిగలాలి. పాత మేడ ఉన్న ప్రతి ఇంటివారూ ఆ పిల్లలను లోపలికి రానివ్వండి. ఈ ఏడు వానలు పడకముందే మొదలుపెట్టండి.